నా కాలు విరగ్గొట్టిన కారు

నా కుడికాలు విరగ్గొట్టింది ఎర్ర కారు. నడిపినవాడు మా అన్నయ్య. ఈ రెండు ముక్కల్లో రెండోది ఎవరికైనా చెప్పుకోవచ్చట, మొదటిది మాత్రం పైకి అనకూడదట. గుద్దిన మనిషిని మార్చక్కర్లేదు, గుద్దిన కారుని మారిస్తే చాలట. ఈ మాట మావాళ్ళు నాతో అనేసరికి నేను అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద, తొడ దాకా కట్టుతో పడుకుని ఉన్నాను. లేచి కూర్చోగలిగి ఉంటే పక్కనున్న మంచినీళ్ళ సీసా ఎవరి మీదో ఒకరి మీదకి విసిరేదాన్ని.

గుద్దినందుకు నాకు కోపం లేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే కాలు విరిగిన అక్కసుతో రాస్తున్నాననుకుంటారు. మా అన్నయ్య నాకు అన్నయ్యే కాదు, సగం నాన్న. మా నాన్న ఒకరి పొలాల్లో కూలికి వెళ్ళే మనిషి. ఆయన పోయేనాటికి అన్నయ్య హైస్కూల్లో ఉన్నాడు, నేను పలక పట్టుకుని తిరుగుతున్నాను. అన్నయ్య పుస్తకాలు కట్టేసి ఊడ్పులకి వెళ్ళాడు. నన్ను మాత్రం ఒక్కపూట బడి మాననివ్వలేదు. కాలవ పొంగి దారి మునిగితే భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, తను అటునుంచటే చేలోకి వెళ్ళేవాడు. తర్వాత కొబ్బరి వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకున్నాడు. ఇవాళ రాజోలు దగ్గర మా పుట్టినూళ్ళో ఉన్న మేడ, చర్చిలో సంఘ పెద్ద అన్న హోదా, అన్నీ తన రెక్కల కష్టం. నేను పక్క ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతున్నానంటే అది కూడా అన్నయ్య కష్టమే. కాదని నేనెప్పుడూ అనలేదు. అయితే ఆ మాటతో నా నెత్తిన ఇంతమంది ఇన్నిసార్లు మొడతారని మాత్రం అనుకోలేదు.

అన్నయ్యకి చాలా ఏళ్ళుగా ఒక తెల్ల కారు ఉంది. దానికి ఇన్సూరెన్సు ఏనాడూ గడువు దాటనివ్వలేదు. ఈమధ్య కాకినాడలో ఒక డాక్టరుగారు తన ఎర్ర కారు అమ్ముతున్నారని తెలిసి, వెళ్ళి చూసి, మోజుపడి కొనేశాడు. గేర్లు లేని కారు. క్లచ్చి ఉండదు, కాలు ఆనిస్తే చాలు, దానంతటదే పోతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడి నుంచే మా తెలివి మొదలైంది.

మాకు మూఢాలు లేవు, వర్జ్యాలు లేవు అని మేం గట్టిగా చెప్పుకుంటాం. ఆషాఢంలో కొత్త బండి ముట్టుకోని ఇరుగుపొరుగుని చూసి నవ్వుకుంటాం కూడా. కానీ మాకు ప్రతిష్ఠ ప్రార్థన ఉంది. ఇల్లు కానీ, కొట్టు కానీ, బండి కానీ, మా పాస్టరుగారు వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేనేగాని మనదని అనుకోం. ఆయన్ని మేం అయ్యగారంటాం. అన్నయ్య దీనికి సొంతంగా ఇంకో మెలిక పెట్టుకున్నాడు. దేవుడి చేతిలో పెట్టకముందు కాగితాల మీద మన పేరు పెట్టుకోకూడదట.

ఆ వరస చూడండి. డాక్టరుగారి పేరు మీదున్న పాలసీ అప్పటికే గడువు తీరిపోయింది. కొత్త పాలసీ అన్నయ్య పేరు మీద కట్టాలంటే బండి కాగితాలు మారాలి. కాగితాలు మారాలంటే ప్రార్థన జరగాలి. ప్రార్థన జరగాలంటే అయ్యగారు విశాఖపట్నం వైపు సభలు ముగించుకుని తిరిగి రావాలి. మరి ఈలోగా కారు షెడ్డులో ఉండాలా? ఉండక్కర్లేదట. పేరు పెట్టుకోకూడదు గానీ తోలుకోవచ్చట.

నేను అప్పుడే అడిగాను. "ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కడమేంటి అన్నయ్యా?"

"మన కాలవగట్టే కదే, ఎక్కడికెళ్తాను? అయ్యగారు రాగానే అన్నీ ఒకేసారి చేయించేత్తాను" అన్నాడు.

కాలు విరిగిన సాయంత్రం బడి వదిలాక స్కూటీ మీద ఇంటికి వస్తున్నాను. కాలవ లాకులు దాటాక గట్టు మలుపులో ఎదురుగా ఎర్ర కారు హారన్ కొట్టుకుంటూ వస్తోంది. అద్దంలోంచి అన్నయ్య నవ్వు కూడా కనిపించింది. నన్ను ఎక్కించుకుని తిప్పుదామని వస్తున్నాడు. నేను స్కూటీ పక్కకి తీసి ఆపి, ఒక కాలు నేలకి ఆనించి చెయ్యి ఊపాను. ఆపుదామని అన్నయ్య ఎడమకాలు క్లచ్చి కోసం వెతుక్కుంది. అది దొరక్క, ఆ కంగారులో కుడికాలు బ్రేకు అనుకుని పక్కదాన్ని తొక్కేసింది. కారు ఒక్క ఉదుటున నా మీదికి వచ్చింది. స్కూటీ కింద నా కాలు, స్కూటీ మీదికి కారు. "నా తల్లీ, నా తల్లీ" అని ఏడుస్తూ అన్నయ్య నన్ను ఎత్తుకోవడం నాకు బాగా గుర్తుంది. అప్పుడే క్షమించేశాను. అసలు క్షమించడానికి కూడా ఏమీ లేదు, ఎవరి కాలైనా తడబడుతుంది.

ఆసుపత్రివాళ్ళు పోలీసులకి కబురు పెట్టారు. పోలీసులు వచ్చేలోపు అన్నయ్య తనకి తెలిసిన ఒక ఇన్సూరెన్సు ఏజెంటుతో ఫోన్లో మాట్లాడాడు. ఆ మహానుభావుడు ఎంతో వినయంగా సలహా ఇచ్చాడు. పాలసీ ఉన్న బండి ఇంట్లో ఇంకోటి ఉంది కదండి, అదే గుద్దిందని రాయించేయండి, అని. కానిస్టేబులు రాసుకున్నది తెల్ల కారు నంబరు. నేను మత్తులో ఉన్నాను కనుక తర్వాత అడుగుతామన్నారట. నేను లోపల ఆపరేషను బల్ల మీద ఉండగానే బయట నన్ను గుద్దిన కారు మారిపోయింది.

మర్నాడు వదిన ఫ్లాస్కులో సూపు పట్టుకొచ్చింది. మంచి మనిషి. నాకు చెంచాతో తాగిస్తూ కళ్ళు తుడుచుకుంది.

"మీ అన్నయ్యగారు నిద్దరేపోలేదు అమ్మాయిగారూ. తెల్ల కారంటే ఆయనకి ప్రాణం కదండి. తెల్లారగట్ట దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, ఏడుత్తా, కళ్ళు మూసుకుని కొబ్బరిచెట్టుకి గుద్దించేరు. సరిగ్గా నొక్కు పడ్లేదని మళ్ళీ గుద్దించేరు."

"ఎందుకు వదినా?" అన్నాను. నాకింకా ఏమీ తెలియదు.

"కంపెనీవాళ్ళు వచ్చి చూత్తారు కదండి. మీ స్కూటీ కూడా తెప్పించి, దాని నీలం రంగు కొంచెం బంపరుకి అంటేలా రాపాడించేరు. అన్నీ సరిపోయాయండి. ఇంక మీరొక్క మాట అంటే చాలు."

మొదట నవ్వొచ్చింది. నన్ను గుద్ది ఎంత ఏడ్చాడో తెల్ల కారుని గుద్దించి అంతా ఏడ్చాడన్నమాట. తర్వాత ఒళ్ళు మండింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. మావాళ్ళు అడుసు తొక్కడమే కాదు, ఆ కాలు తెచ్చి నా చీరకి తుడుస్తున్నారు. సూపు చాలని చెప్పి మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

మా కోనసీమ మర్యాద గురించి బయటివాళ్ళు గొప్పగా చెబుతారు. నిజమే. అబద్ధం ఆడమని అడిగేటప్పుడు కూడా మేం అండీ వదలం. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ బత్తాయిలు బల్ల మీద పెట్టి, నొప్పి ఎలా ఉందండి అని అడిగి, ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కునేవాళ్ళు. కుర్చీ జరిగిందంటే నాకు అర్థమైపోయేది. "అన్నయ్యగారు మిమ్మల్ని ఎంత కష్టపడి చదివించేరండి." పక్కవాళ్ళు ఆయ్, అంటే అవునండి. "డబ్బులు వచ్చేది మీకే కదండి." ఆయ్. "కంపెనీ సొమ్మే కదండి, ఒక మనిషి సొమ్ము కాదు కదా." తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ ఆ అబద్ధంలో తలో చెయ్యీ వేశారు. కాలు మాత్రం నా ఒక్కదానిదే.

మావారు నెమ్మదస్తులు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం గానీ, ఇంట్లో ఎప్పుడూ ఫ్యూజు పోయినట్టే ఉంటారు. ఆయన కూడా రెండు వైపులా ఆలోచించి, "పోనిద్దూ, ఏ కారయితే ఏంటి, కాలయితే ఒకటే కదా" అన్నారు. ఆయనతో ఆ రోజుకి మాటలు కట్టిపెట్టాను. మంచం మీద ఉన్నదానికి అంతకంటే ఏం శిక్ష వెయ్యడం చేతనవుతుంది?

అన్నయ్య మాత్రం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నోరు విప్పి అడగలేదు. రోజూ వచ్చేవాడు. అన్నం కలిపి పెట్టేవాడు. నర్సుని పిలిచి దిండు ఎత్తు చేయించేవాడు. నేను ఆ ప్రస్తావన తెచ్చేసరికి మాత్రం డాక్టర్ని కనుక్కొస్తానని బయటికి పోయేవాడు. తను అడగకుండా ఊరందరి చేతా అడిగించడం నాకు మరీ మండింది.

అన్నయ్య భయం నాకు తెలియక కాదు. ఎర్ర కారని బయటపడితే ఇన్సూరెన్సు లేని బండితో మనిషిని గుద్దాడని కేసు. ఖర్చంతా తన చేతినుంచే. కాగితాల మీద ఇంకా డాక్టరుగారి పేరే ఉంది కనుక పాపం ఆ పెద్దమనిషిని కూడా కోర్టుకి లాగినట్టవుతుంది. సంఘంలో తలెత్తుకోలేడు. నాకున్నది ఆ ఒక్క అన్నయ్య. తెల్ల కారంటే నాకు మిగులుతాడు, ఎర్ర కారంటే పోతాడు. పడుకున్న చోట పైకప్పు చూస్తూ ఇదే ఆలోచించాను. ఒక దశలో, సరే, అనేద్దాం, తెల్లదో నల్లదో అనుకున్నాను కూడా.

అంతలోనే మళ్ళీ రగిలిపోయేదాన్ని. ఎముకలోకి మేకులు దిగింది నాకు. ఆ నొప్పి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకునే హక్కు కూడా నాకు లేకుండా చేసేశారు. అదీ నేను స్పృహలో లేనప్పుడు, నన్నొక్క మాట అడక్కుండా. రేపు ఎవరైనా, ఎలా జరిగింది టీచరుగారూ అని అడిగితే, ఆ మలుపు, ఆ హారను, అద్దంలో అన్నయ్య నవ్వు, అన్నీ మింగేసి, షెడ్డులో కదలకుండా ఉన్న కారు వచ్చి గుద్దిందని చెప్పాలి. జీవితాంతం చెప్పాలి. కుంటుతూ చెప్పాలి.

ఇంటికి పంపేశాక ఒక మధ్యాహ్నం మా సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. అయ్యగారు సభల నుంచి తిరిగొచ్చారు. అన్నయ్య ఇంటి ముందు ఎర్ర కారు. బంపరు బాగుచేయించి, రంగు కొట్టించి, రిబ్బను కట్టారు. సంఘమంతా చుట్టూ నిలబడింది. అయ్యగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు. "ఈ వాహనము వలన ఈ దినము వరకు ఏ ప్రాణికిని హాని కలుగకుండ కాపాడిన తండ్రీ, నీకు స్తోత్రములు." అన్నయ్య తల వంచుకుని ఆమెన్ అన్నాడు. అందరి గొంతుల్లోనూ ఆ గొంతు నేను పోల్చుకోగలను. తర్వాత వదిన కేకు కోసింది. వీడియో కింద వరసగా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

చివరిదాకా చూశాను. ఏ ప్రాణికీ హాని కలగలేదట. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కంపెనీకి అబద్ధం చెబితే తెలివి అనుకున్నారు. పోలీసులకి చెబితే అవసరం అనుకున్నారు. దేవుడికి కూడా తెల్ల కారనే చెప్పారా?

అయ్యగారికి ఫోన్ చేశాను. "ఆ ఎర్ర కారేనండి నన్ను గుద్దింది" అన్నాను.

"నాకు తెల్ల కారనే చెప్పేరమ్మా" అన్నారు. ఆ వెంటనే, "మరిప్పుడు చేసేసిన ప్రార్థనని ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగారు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

తర్వాత కొద్దిరోజులకి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణకి ఒకాయన వస్తున్నారని కబురొచ్చింది. ఆయన కంటే ముందే అన్నయ్య తెల్ల కారులో వచ్చాడు. నొక్కు పడిన వైపు అందరికీ కనబడేలా మా గుమ్మం ముందు ఆపి, లోపలికొచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. అన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ చేత అడిగించిన మాట అప్పుడు తనే అడిగాడు.

"ఒక్క మాటేనమ్మా. ఇంకెప్పుడూ నిన్నేమీ అడగను."

ఆ గొంతు వినగానే నా కోపం సగం జారిపోయింది. అలా జారిపోయినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. "ఆ రోజు వీడియోలో ఆమెన్ అన్నావు కదా, ఎలా అనగలిగేవు?" అన్నాను. అన్నయ్య తల దించుకున్నాడు. అప్పుడే వీధిలో మోటారుసైకిలు ఆగింది.

వచ్చినాయన నడివయసు మనిషి. ఎండలో తిరిగి తిరిగి మొహం కమిలిపోయి ఉంది. మావారు ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూర్చుని, కాగితాలు తీశారు.

"మీకెక్కువ శ్రమ ఇవ్వనండి టీచరుగారూ. మిమ్మల్ని గుద్దిన బండి తెల్లదేనాండి?"

అడుగుతూనే రాసేస్తున్నారు. నా జవాబు ఆయనకి కూడా ముందే తెలుసు మరి.

"కాదండి. ఎర్రది" అన్నాను.

పెన్ను ఆగింది. ఆయన ఒకసారి అన్నయ్యని, ఒకసారి నన్ను చూశారు. "తెల్లదని రాసుందండి ఇక్కడ."

"రాసినప్పుడు నేను మత్తులో ఉన్నానండి. గుద్దినప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ఎర్ర కారండి. దానికి ఆ రోజు ఇన్సూరెన్సు లేదు. తోలింది మా అన్నయ్యే. కావాలని గుద్దలేదు, గేర్లు లేని బండి అలవాటు లేక తొక్కేసేడు. పోలీసులకీ ఇదే మాట చెబుతానండి. బయట ఉన్న బండికి ఆ నొక్కు కొబ్బరిచెట్టు వల్ల పడింది."

మావారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కంపెనీ ఆయన కాగితాలు సర్దుకుంటూ, "మీరిలా చెబితే కంపెనీ నుంచి మీకేమీ రాదండి. ఇంకోసారి ఆలోచించుకుంటారా?" అన్నారు. మంచికే అడిగారు.

"ఆయ్, తెలుసండి. ఆలోచించుకునే చెప్పేను" అన్నాను.

ఆయన సంచీ భుజాన వేసుకుని, నాకూ, అన్నయ్యకీ విడివిడిగా "వస్తానండి" అని చెప్పి వెళ్ళారు. సాగనంపడానికి మావారు వీధిలోకి వెళ్ళారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. అన్నయ్య అరుస్తాడనుకున్నాను. నేనూ సిద్ధంగానే ఉన్నాను. కొబ్బరిచెట్టు దగ్గర్నుంచి కేకు దాకా అనవలసినవన్నీ నాలిక చివర ఉన్నాయి. అన్నయ్య అరవలేదు.

"నా చదువు మానేసి ఊడ్పుల్లోకి దిగి నిన్ను బడికి పంపింది ఇందుకేనేంటే?" అన్నాడు.

"ఇందుకే అన్నయ్యా" అన్నాను.

నా మొహం వంక చూడలేదు. నా కాలి మీంచి దుప్పటి జారిపోయి ఉంటే లాగి సర్ది, లేచి వెళ్ళిపోయాడు. కారు దగ్గర ఆగను కూడా ఆగలేదు. దాన్ని మా గుమ్మంలోనే వదిలేసి గట్టు వెంట నడుచుకుంటూ పోయాడు. ఆ దుప్పటి సర్దకుండా పోయి ఉంటే నా కోపం నాకు సుఖంగా ఉండేది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. పోలీసులు మళ్ళీ వచ్చి నా మాట రాసుకున్నారు. అన్నయ్య మీద కేసు నడుస్తోంది. ఆసుపత్రి ఖర్చు తనే భరించాడు. ఎవరూ అడక్కముందే సంఘ పెద్దగా తప్పుకున్నాడు. ఎర్ర కారు అమ్మకానికి పెట్టాడు. ఇవన్నీ నాకు అయ్యగారి ద్వారానో, మావారి ద్వారానో తెలిశాయి తప్ప అన్నయ్య నోటి నుంచి కాదు. వదిన ఎదురుపడితే, "బావున్నారాండి" అంటుంది. అమ్మాయిగారూ అనడం మానేసింది. బత్తాయిలు తెచ్చినవాళ్ళంతా ఇప్పుడు, ఎంత చదువుకున్నా అంత పంతం పనికిరాదండి అని మావారికి చెబుతున్నారట, అదీ ఎంతో మర్యాదగా.

నా కోపం తగ్గలేదు. కారు మార్చమన్న ఏజెంటు మీద, ఆయ్ అన్న ఊరి మీద, అందరికంటే ఎక్కువగా అన్నయ్య మీద. ఎదురుగా కూర్చోబెట్టుకుని వీధి వీధంతా వినేలా అరవాలని ఉంది. అరిచాక అన్నం పెట్టాలని ఉంది. ఆదివారం చర్చిలో అన్నయ్య మగవాళ్ళ వైపు చివర, తలుపు పక్కన కూర్చుంటున్నాడు. చివరి ప్రార్థన కాగానే నేను గోడ పట్టుకుని లేచి, కర్ర అందుకుని తలుపు దాకా వచ్చేసరికి గట్టెక్కి వెళ్ళిపోతున్నాడు. కాలు బాగుంటే పరుగెత్తి పట్టుకునేదాన్ని.